కీళ్ల నొప్పులు తగ్గాయి, కొలెస్ట్రాల్ పెరిగింది: మాత్రలు ఆపేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 47 ఏళ్లు. ఖమ్మంలో ఇంట్లోనే టైలరింగ్ చేస్తుంటాను. మూడేళ్ల కిందట రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. పొద్దున్నే లేస్తే గంటన్నర దాకా పిడికిలి బిగుసుకునేది కాదు, కత్తెర పట్టలేకపోయేదాన్ని. వారానికోసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా. వేసుకున్నా పూర్తిగా లొంగలేదని, ఆరు నెలల కిందట టోఫాసిటినిబ్ 5 మి.గ్రా. రోజుకు రెండు పూటలా ఇచ్చారు. ఇప్పుడు చాలా నయం. మళ్లీ జాకెట్లు కుడుతున్నాను. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ 46 ఉండేది, 4కి దిగింది. కానీ కొలెస్ట్రాల్ పెరిగిపోయింది. కొత్త మాత్ర మొదలుపెట్టే ముందు మొత్తం కొలెస్ట్రాల్ 150, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 88, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36 ఉండేవి. ఇప్పుడు 202, 127, 49 అయ్యాయి. ట్రైగ్లిజరైడ్లు అప్పుడూ ఇప్పుడూ 130. బీపీకి అమ్లోడిపిన్ 5 వాడతాను. మా అన్నయ్యకి 51 ఏళ్లకే స్టెంట్ వేశారు. 'ఆ మాత్రలు కీళ్లను బాగుచేసి గుండెను పాడుచేస్తాయి, ఆపెయ్' అని మా ఆడపడుచు గోల. అప్పట్లో కొలెస్ట్రాల్ బాగానే ఉండేది కదా, ఇప్పుడెందుకు పెరిగింది? అమెరికాలో ఉన్న మా తమ్ముడేమో పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్‌ని ఆపే ఇంజెక్షన్ ఆరు నెలలకొకటి వేయించుకుంటే చాలంటున్నాడు. దాంతో వాపు కూడా తగ్గుతుందా? భయంతో గుడ్లు మానేశాను. నొప్పి ఎక్కువైన రోజు డైక్లోఫెనాక్ వేసుకుంటాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపకండి. మీ ఆడపడుచు గారి భయంలో కొంత నిజం ఉంది, దాని గురించీ దాచకుండా చెబుతాను. కానీ కొలెస్ట్రాల్ అంకె పెరగడం ఒక్కటే చూసి మందు ఆపితే కీళ్లూ చెడతాయి, గుండెకూ మేలు జరగదు.

'అప్పట్లో కొలెస్ట్రాల్ బాగానే ఉండేది కదా' అన్నారు. బాగా లేదమ్మా. ఎల్‌డీఎల్ 88 అని రిపోర్టులో వచ్చిన రోజున మీ సీఆర్‌పీ 46 ఉంది. అంటే జబ్బు బాగా రగులుతున్న రోజుల్లో తీసిన రక్తం అది. అలాంటప్పుడు కొలెస్ట్రాల్ ఉండాల్సిన దానికంటే తక్కువ కనిపిస్తుంది. మీ ఒంటికి అసలు ఎంత కొలెస్ట్రాల్ ఉంటుందో చూపించేది ఇప్పటి 127. జబ్బు అణిగాక అది పైకి తేలింది.

ఇదెలా జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ తమ్ముడు చెప్పిన ఇంజెక్షన్ సంగతి కూడా ఇందులోనే ఉంది.

రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ కణికల్లో ఎక్కువ భాగాన్ని చివరికి మళ్లీ కాలేయమే లోపలికి తీసుకుంటుంది. కాలేయ కణాల పైన వాటిని పట్టుకునే ప్రొటీన్లు ఉంటాయి, వాటిని ఎల్‌డీఎల్ రిసెప్టర్లు అంటారు. అమెరికాలోని డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ వీటిని కనిపెట్టారు, 1985లో నోబెల్ బహుమతి అందుకున్నారు. రిసెప్టర్‌ని వీధిలోకి వచ్చే చెత్త బండి అనుకోండి. ఎల్‌డీఎల్‌ని ఎత్తుకుని కణం లోపలికి పోతుంది, అక్కడ దింపేసి ఖాళీగా మళ్లీ పైకి వస్తుంది. ఒక్కో రిసెప్టర్ ఇలా వంద సార్లకు పైగా తిరగగలదు. పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ వచ్చి తగులుకుంటే మాత్రం ఆ బండి తిరిగి రాదు, లోపలే తుక్కు అయిపోతుంది. బళ్లు తగ్గితే రక్తంలో ఎల్‌డీఎల్ పేరుకుంటుంది.

ఈ ప్రొటీన్ 2003లో వెలుగులోకి వచ్చింది. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్న కొన్ని ఫ్రెంచ్ కుటుంబాల్లో దీని జన్యువు అతిగా పనిచేస్తున్నట్టు ప్యారిస్ పరిశోధకులు గుర్తించారు, మాంట్రియల్‌లోని నబీల్ సైదా బృందం అందులో పాలుపంచుకుంది. తర్వాత డల్లాస్‌లోనే హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ దీనికి సరిగ్గా ఎదురు సంగతి చూశారు. కొందరు నల్లజాతి అమెరికన్లలో ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పుట్టుకతోనే పనిచేయదు. వాళ్ల ఎల్‌డీఎల్ మిగతావారి కంటే 28 శాతం తక్కువ, గుండె ధమనుల జబ్బు 88 శాతం తక్కువ. 2006లో ఈ లెక్క వచ్చాకే పీసీఎస్‌కే9ని ఆపే మందుల కోసం పరుగు ఊపందుకుంది. పుట్టినప్పటి నుంచీ ఎల్‌డీఎల్ కాస్త తక్కువగా ఉంటే చాలు, అంత మేలు జరుగుతుందని తెలిసింది కదా మరి.

ఇక మీ కీళ్ల దగ్గరికి వద్దాం. రుమటాయిడ్‌లో మీ రోగనిరోధక కణాలు వేళ్ల కీళ్ల లోపలి పొర మీదికి ఎగబడతాయి. అక్కడ పుట్టే ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ లాంటి రసాయనాలు కీలు దగ్గరే ఉండిపోవు, రక్తంలో కలిసి కాలేయానికి చేరతాయి. వాటి ప్రభావంతో కాలేయం సీఆర్‌పీ, సీరమ్ అమిలాయిడ్-ఏ, ఫైబ్రినోజెన్ లాంటి ప్రొటీన్లను పెద్ద ఎత్తున తయారుచేస్తుంది. మీ రిపోర్టులోని 46 అలా వచ్చిందే. రోగనిరోధక కణాలు ఇలా రగలడాన్నే (ఇన్‌ఫ్లమేషన్) నేనిక్కడ వాపు అంటున్నాను.

ఆ సమయంలోనే కొలెస్ట్రాల్ రక్తంలోంచి మామూలు కంటే వేగంగా ఖర్చయిపోతుంది. ఇది ఊహించి చెబుతున్నది కాదు, మనుషుల్లో కొలిచి చూశారు. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో రుమటాయిడ్ రోగులనూ ఆరోగ్యవంతులనూ పోల్చి చూశారు. రోగుల్లో కొలెస్ట్రాల్ తయారీ తగ్గలేదు, అది కరిగిపోయే వేగం పెరిగింది. తర్వాత ఆ రోగులకు మీరు వాడుతున్న టోఫాసిటినిబ్‌నే ఇచ్చారు. వేగం మామూలు స్థాయి వైపు తగ్గింది, రక్తంలో అంకెలు పెరిగాయి. 2017లో ఇంటర్‌ల్యూకిన్-6ని అడ్డుకునే టొసిలిజుమాబ్‌తో చేసిన పరిశీలనలోనూ ఇదే తేలింది. ఎల్‌డీఎల్ పెరిగింది కొత్తగా ఎక్కువ తయారై కాదు, అతిగా ఖర్చవడం ఆగి.

ఇక్కడ పీసీఎస్‌కే9 గురించి ఒక హెచ్చరిక. ఎలుకల్లో వాపు పుట్టిస్తే కాలేయంలో పీసీఎస్‌కే9 పెరుగుతుందనీ, రిసెప్టర్లు తగ్గుతాయనీ 2008లో చూపించారు. దాన్ని పట్టుకుని 'వాపు వస్తే పీసీఎస్‌కే9 పెరుగుతుంది, దాంతో కొలెస్ట్రాల్ పెరుగుతుంది' అని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. ఎలుకల సంగతి వేరు. మనుషుల్లో గట్టి ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ రెండూ పడిపోతాయి. పెద్ద జ్వరం వచ్చినప్పుడు, ఆపరేషన్ అయినప్పుడు, హార్ట్ ఎటాక్ వచ్చిన మర్నాటి నుంచీ ఇదే జరుగుతుంది. అందుకే జ్వరంతో ఆసుపత్రిలో చేరిన మనిషికి తీసిన కొలెస్ట్రాల్ రిపోర్టు చూసి 'మాకేం లేదు' అని నిశ్చింతగా ఉండకూడదు. రుమటాయిడ్ ఉన్నవారికి కూడా జబ్బు అణిగి, నిలకడగా ఉన్నప్పుడే లిపిడ్ పరీక్ష చేయాలని యూరప్ కీళ్లవాత నిపుణుల మార్గదర్శకాలు చెబుతాయి. మీ ఎల్‌డీఎల్ 127 సరిగ్గా అలాంటి సమయంలో తీసిందే. ఇకమీద లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

తక్కువ కొలెస్ట్రాల్ చూసి మోసపోకూడదని ఇంకో కారణంతో కూడా అంటున్నాను. అమెరికాలోని మేయో క్లినిక్ వారు 2011లో రుమటాయిడ్ రోగులను పరిశీలిస్తే, మొత్తం కొలెస్ట్రాల్ సుమారు 155 కంటే కింద ఉన్నవారిలో గుండె జబ్బులు తగ్గకపోగా పెరిగాయి. తక్కువ కొలెస్ట్రాల్ వాళ్ల గుండెను పాడుచేసిందని దీనర్థం కాదు. కొలెస్ట్రాల్‌ని అంత కిందికి లాగేసిన వాపే రక్తనాళాలనూ దెబ్బతీసింది. వైద్యులు దీన్ని లిపిడ్ పారడాక్స్ అంటారు. మందు వాడకుండా, వాపు అలాగే వదిలేసి, 'నాకు కొలెస్ట్రాల్ లేదు' అనుకుంటూ తిరిగే రోగులను చూస్తే నాకు నిజంగా ఆందోళనగా ఉంటుంది.

మీ రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టి ఒక చిన్న భాగహారం చేయండి. మొత్తం కొలెస్ట్రాల్‌ని హెచ్‌డీఎల్‌తో భాగించాలి. పాత రిపోర్టులో 150ని 36తో భాగిస్తే సుమారు 4.2. కొత్తదాంట్లో 202ని 49తో భాగిస్తే 4.1. అన్నీ పెరిగినట్టు కనిపించినా ఈ నిష్పత్తి కదల్లేదు. వాపు తగ్గించే మందులు వాడే చాలామందిలో ఇలాగే ఉంటుంది. మీ హెచ్‌డీఎల్ 36 నుంచి 49కి రావడం మంచి కబురు. అంకె ఒక్కటే కాదు, దాని పనితీరు కూడా మారి ఉంటుంది. వాపు ఉన్నప్పుడు సీరమ్ అమిలాయిడ్-ఏ వచ్చి హెచ్‌డీఎల్ మీద ఉండే అపో ఏ-1 ప్రొటీన్‌ని తోసేసి తాను కూర్చుంటుంది. అలాంటి హెచ్‌డీఎల్ రక్తనాళాల గోడల్లోంచి కొలెస్ట్రాల్‌ని బయటికి లాగే పని సరిగా చేయలేదు.

మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఈ సంబంధాన్ని రెండోవైపు నుంచి కూడా చూడాలి. వాపు కొలెస్ట్రాల్‌ని మార్చినట్టే, కొలెస్ట్రాల్ కూడా వాపు పుట్టిస్తుంది. రక్తనాళం గోడలో చిక్కుకున్న ఎల్‌డీఎల్‌ని మాక్రోఫేజ్ అనే తెల్ల కణాలు మింగుతాయి. మింగి మింగి కొవ్వుతో ఉబ్బిపోతాయి. లోపల కొలెస్ట్రాల్ స్ఫటికాలుగా గడ్డకడుతుంది. ఆ స్ఫటికాలు ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రొటీన్ల సముదాయాన్ని నిద్ర లేపి, ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను విడుదల చేయిస్తాయని 2010లో తేలింది. దాని వెనకే ఇంటర్‌ల్యూకిన్-6, ఆ వెనకే సీఆర్‌పీ. రుమటాయిడ్ లేని మనిషి గుండె ధమనిలో కూడా ఇదంతా జరుగుతుంది. మీ విషయంలో కీళ్ల నుంచి వచ్చే వాపు దానికి తోడవుతుంది.

మరి కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తే వాపు కూడా దానంతటదే తగ్గిపోవాలి కదా? అన్ని మందులతోనూ అలా జరగడం లేదు.

స్టాటిన్ మాత్రలు రెండింటినీ తగ్గిస్తాయి. 2008లో వచ్చిన జూపిటర్ పరీక్షలో ఎల్‌డీఎల్ 130 లోపే ఉండి, హెచ్ఎస్-సీఆర్‌పీ (సీఆర్‌పీనే మరింత సూక్ష్మంగా కొలిచే పరీక్ష) మాత్రం 2 లేదా అంతకు పైన ఉన్న 17,802 మందిని తీసుకున్నారు. రోసువాస్టాటిన్ 20 మి.గ్రా. ఇచ్చినవారిలో ఎల్‌డీఎల్ సగానికి, సీఆర్‌పీ 37 శాతం తగ్గాయి. గుండెపోటు, పక్షవాతం లాంటి ఘటనలు 44 శాతం తగ్గాయి.

పీసీఎస్‌కే9 ఇంజెక్షన్ల కథ వేరు. 2017లో వచ్చిన ఫోరియర్ పరీక్షలో అప్పటికే స్టాటిన్ వాడుతున్న 27,564 మంది ఉన్నారు. ఎవొలోక్యుమాబ్ ఇచ్చినవారిలో ఎల్‌డీఎల్ 92 నుంచి 30కి పడిపోయింది. గుండె ఘటనలు 15 శాతం తగ్గాయి. కానీ సీఆర్‌పీ ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చినవారిలో ఎంత ఉందో, మందు ఇచ్చినవారిలోనూ అంతే ఉంది. ఎల్‌డీఎల్ అంతగా పడిపోయినా ఒంట్లో వాపు కొలత కదల్లేదు. ఈ ఒక్క ఫలితం నాకు చాలా పాఠాలు నేర్పింది.

అదే 2017లో కాంటోస్ అనే పరీక్షలో సరిగ్గా తిరగేసి చూశారు. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న 10,061 మందిని తీసుకుని, కొందరికి ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కనకినుమాబ్, మిగతావారికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. ఎల్‌డీఎల్ ఏమీ మారలేదు. 150 మి.గ్రా. మోతాదు తీసుకున్నవారిలో గుండె ఘటనలు 15 శాతం తగ్గాయి. అయితే ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరగడంతో ఆ మందు గుండె జబ్బుకు వాడుకలోకి రాలేదు.

కాబట్టి మీ తమ్ముడికి చెప్పండి: ఆరు నెలలకొక ఇంజెక్షన్ అని అతను అంటున్నది ఇంక్లిసిరాన్ అయి ఉంటుంది. కాలేయంలో పీసీఎస్‌కే9 తయారు కాకుండా చూస్తుంది, ఎల్‌డీఎల్‌ని సుమారు సగానికి తగ్గిస్తుంది. మొదటి రెండు డోసులు మూడు నెలల తేడాతో, ఆ తర్వాతే ఆరు నెలలకొకటి. మంచి మందే. కానీ ఈ రకం ఇంజెక్షన్లు మీ కీళ్ల వాపుకు మందు కావు. పైగా ఖరీదు. స్టాటిన్ పూర్తి మోతాదులో వాడినా ఎల్‌డీఎల్ దిగకపోతేనో, స్టాటిన్ ఒంటికి పడకపోతేనో వీటి గురించి ఆలోచిస్తాం. స్టాటిన్ వేసుకున్నప్పుడు కాలేయం రిసెప్టర్లతో పాటు పీసీఎస్‌కే9ని కూడా ఎక్కువ తయారుచేస్తుంది. అందువల్లే స్టాటిన్ మీద ఈ ఇంజెక్షన్ కలిపినప్పుడు అంత గట్టిగా పనిచేస్తుంది. మీరింకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

ఇప్పుడు టోఫాసిటినిబ్ సంగతి. మీ ఆడపడుచు గారి మాటలో నిజమెంతో ఇక్కడ చెప్పాలి.

కొలెస్ట్రాల్ పెంచే కీళ్ల మందులన్నీ గుండెకు చేటు చేస్తాయనుకోవడం తప్పు. టొసిలిజుమాబ్‌ని, టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఎటానెర్‌సెప్ట్‌తో పోలుస్తూ 3,080 మంది రుమటాయిడ్ రోగులతో ఎంట్రాక్ట్ అనే పరీక్ష జరిగింది. టొసిలిజుమాబ్ వాడినవారిలో ఎల్‌డీఎల్ ఎక్కువ పెరిగింది, కానీ గుండెపోటు, పక్షవాతాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. టోఫాసిటినిబ్‌కి మాత్రం ప్రత్యేకంగా ఒక హెచ్చరిక ఉంది. 50 ఏళ్లు దాటి, గుండెకు ముప్పు తెచ్చే అంశం కనీసం ఒకటి ఉన్న 4,362 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఈ మాత్ర వాడినవారిలో పెద్ద గుండె ఘటనలు 3.4 శాతం మందికి, టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లు వాడినవారిలో 2.5 శాతం మందికి వచ్చాయి. క్యాన్సర్లు కూడా కాస్త ఎక్కువే. 65 దాటినవారికి, పొగతాగేవారికి, గుండె జబ్బు ముప్పు ఉన్నవారికి వేరే దారి ఉంటే ఈ మాత్ర వద్దని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది.

మీకు 47. పొగ అలవాటు లేదనుకుంటాను. కానీ బీపీ ఉంది, అన్నయ్యకి 51కే స్టెంట్ పడింది. మన దగ్గర ఈ మాత్ర జెనరిక్‌లో చవకగా దొరుకుతుంది, ఇంజెక్షన్లు అందరికీ అందవు, అందుకే మీ డాక్టర్ గారు దీన్ని ఎంచుకుని ఉంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే అన్నయ్య స్టెంట్ సంగతి ఆయనకు తెలుసా? చాలామంది కీళ్ల డాక్టర్ దగ్గర గుండె విషయాలు, గుండె డాక్టర్ దగ్గర కీళ్ల విషయాలు చెప్పరు. ఈసారి వెళ్లినప్పుడు తప్పకుండా చెప్పండి. విన్నాక ఆయన ఇదే కొనసాగించవచ్చు, జబ్బు బాగా అణిగి ఉంటే మోతాదు తగ్గించవచ్చు, వేరే మందుకు మార్చవచ్చు. ఏదైనా మీ సీఆర్‌పీని మళ్లీ 46కి పోనివ్వకుండా జరగాలి. మీ అంతట మీరు ఆపేస్తే జరిగేది అదే.

ఇక 127ని ఏం చేయాలి? అది అసలు అంకె అన్నానని వదిలేయమని కాదు. రుమటాయిడ్ ఉందంటేనే గుండె ముప్పు ఎక్కువ. మామూలు లెక్కల్లో వచ్చే ముప్పును 1.5తో హెచ్చించాలని యూరప్ నిపుణులు చెబుతారు. బ్రిటన్‌లో డాక్టర్లు వాడే క్యూరిస్క్-3 లెక్కలో రుమటాయిడ్‌కీ, స్టెరాయిడ్ వాడకానికీ విడిగా గళ్లే ఉన్నాయి. దీనికి మీ బీపీ, అన్నయ్య చరిత్ర కలపండి. నా అభిప్రాయంలో మీరు స్టాటిన్ మొదలుపెట్టే విషయం ఇప్పుడే మాట్లాడాలి. మీలాంటివారికి ఎల్‌డీఎల్‌ని 100 కిందికి, వీలైతే 70 దరిదాపులకు తేవాలని చాలామంది గుండె డాక్టర్లు కోరుకుంటారు. టోఫాసిటినిబ్ వాడుతూ అటోర్వాస్టాటిన్ కలిపి ఇచ్చిన ఒక పరీక్షలో ఎల్‌డీఎల్ మూడో వంతుకు పైగా తగ్గింది. అంటే ఈ రెండూ కలిపి వాడొచ్చు, పనిచేస్తుంది కూడా. గ్లాస్గోలో 116 మంది రుమటాయిడ్ రోగుల్లో సగం మందికి అటోర్వాస్టాటిన్ 40 మి.గ్రా. ఇచ్చి చూస్తే కొలెస్ట్రాల్‌తో పాటు సీఆర్‌పీ సగానికి తగ్గింది, కీళ్ల వాపు కూడా కొద్దిగా తగ్గింది. ఆ కొద్దిపాటి మేలును కీళ్ల వైద్యం అనుకుని అసలు మందులు మానుకోకూడదు. మెథోట్రెక్సేట్ కూడా వాడుతున్నారు కాబట్టి, స్టాటిన్ మొదలుపెట్టే ముందూ తర్వాతా ఎస్‌జీపీటీ (కాలేయం పరీక్ష) చేయించుకోండి. స్టాటిన్ మొదలుపెట్టిన 6 నుంచి 12 వారాలకు మళ్లీ లిపిడ్ పరీక్ష చేయిస్తే మోతాదు సరిపోయిందో లేదో తెలుస్తుంది.

ఇంకో పరీక్ష అడగండి: లైపోప్రొటీన్-ఏ, అంటే ఎల్‌డీఎల్ లాంటిదే మరో రకం కొవ్వు కణిక. ఇది చాలావరకు పుట్టుకతో వచ్చేది, జీవితంలో ఒక్కసారి చూస్తే సాధారణంగా సరిపోతుంది. చిన్న వయసులో స్టెంట్ పడిన అన్నయ్య ఉన్నప్పుడు ఇది చూడటం న్యాయం. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో రాదు, విడిగా రాయించుకోవాలి. ఎక్కువ ఉంటే మిగతా అన్నింటినీ, ముఖ్యంగా ఎల్‌డీఎల్‌ని, ఇంకా గట్టిగా అదుపు చేస్తాం.

హెల్త్ ప్యాకేజీల్లో వచ్చే హెచ్ఎస్-సీఆర్‌పీ కోసం మాత్రం మీరు డబ్బు పెట్టకండి. కీళ్లవాతం లేనివారిలో అది 1 లోపుంటే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ అని చెబుతాం. మీకు ఆ అంకె కీళ్లను బట్టి మారుతుంది. గుండె ముప్పును దాని నుంచి చదవలేం.

డైక్లోఫెనాక్ సంగతి చదివాక కొంచెం బాధ కలిగింది. కొలెస్ట్రాల్ పెరిగిందని గుడ్లు మానేసి, గుండెకు నిజంగా ముప్పు పెంచే మాత్రను మెడికల్ షాపులో కొనుక్కుంటున్నారు. డైక్లోఫెనాక్ గుండెపోటు ముప్పును పెంచుతుంది, బీపీనీ పెంచుతుంది, మెథోట్రెక్సేట్‌తో కలిస్తే కిడ్నీల మీద భారం పడుతుంది. ఎప్పుడో ఒకరోజు నొప్పి వస్తే ముందు పారాసెటమాల్‌తో చూడండి. నెలలో చాలాసార్లు నొప్పి మాత్ర అవసరమవుతోందంటే జబ్బు పూర్తిగా అణగలేదని అర్థం, ఆ మాట డాక్టర్‌కి చెప్పాలి. కీళ్ల నొప్పులకు పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరులేని పొడులు, మాత్రలు అసలు ముట్టుకోవద్దు. వాటిలో చాలాసార్లు స్టెరాయిడ్ కలుపుతారు. రెండు రోజుల్లో నొప్పి మాయమైనట్టుంటుంది, నెలల మీద షుగర్, బీపీ, కొవ్వు అన్నీ పెరుగుతాయి.

గుడ్డు రోజుకొకటి తినండి, పరవాలేదు. మీ 127 గుడ్ల వల్ల వచ్చింది కాదని ఇప్పటికి అర్థమై ఉంటుంది. తగ్గించాల్సినవి డాల్డాతో చేసిన బేకరీ సరుకులు, మరిగించిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేయించే మిరపకాయ బజ్జీలు, పచ్చళ్లలో ఉప్పు. పసుపు పాలు తాగాలనిపిస్తే తాగండి, మందుకు బదులుగా కాదు. రోజంతా మిషన్ మీద కూర్చునే పని కాబట్టి సాయంత్రం అరగంట నడక పెట్టుకోండి. మోకాళ్లు సహకరించని రోజు కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోవచ్చు.

మెథోట్రెక్సేట్ గురించి అడగకపోయినా చెబుతున్నాను. అది వారానికి ఒక్కరోజు మాత్రమే. పొరపాటున రోజూ వేసుకుని రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఏ రోజున వేసుకోవాలో క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర మానకండి. టోఫాసిటినిబ్ వాడుతున్నన్నాళ్లు జ్వరం, దగ్గు తగ్గకుండా సాగినా, ఒంటి మీద ఒకవైపే మంటతో పొక్కులు లేచినా వెంటనే చూపించుకోండి. క్షయ, సర్పి లాంటివి ఈ మందుతో బయటపడే అవకాశం ఉంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత, కొత్త లిపిడ్ రిపోర్టులు, అవే తేదీల సీఆర్‌పీ రిపోర్టులు, ఇంట్లో చూసుకున్న బీపీ అంకెలు ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. ఏ తేదీన కొలెస్ట్రాల్ ఎంత, ఆ రోజు సీఆర్‌పీ ఎంత అని పక్కపక్కన కనిపిస్తే ఆయనకు రెండు నిమిషాల్లో విషయం అర్థమవుతుంది. అన్నయ్య స్టెంట్ వివరాల కాగితం దొరికితే అదీ తీసుకెళ్లండి.

రుమటాయిడ్ ఉన్నవారిలో గుండెపోటు ఒక్కోసారి గట్టి ఛాతీ నొప్పి లేకుండానే వస్తుంది. పైగా ఆడవాళ్లు భుజం లాగితే కీళ్లవాతం అనుకుంటారు, గుండెల్లో బరువుగా ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. నడుస్తుంటే కొత్తగా ఆయాసం రావడం, దవడలోకో ఎడమ చేతిలోకో పాకే నొప్పి, కారణం లేకుండా చెమటలు పట్టడం, వీటిలో ఏది వచ్చినా కీళ్ల మీదికి నెట్టేయకండి. అదే రోజు ఈసీజీ తీయించుకోండి. పది నిమిషాలైనా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఈ సంగతి మీ ఆడపడుచు గారికి కూడా చెప్పి ఉంచండి, ఆ సమయానికి పక్కన ఉండేది వాళ్లే కదా.